ఒకే గడపకు ఇద్దరు కేయూరులు

సున్నపు తెలుపుతో ధగధగలాడే కోటగోడలు, వాటి మీద బారులు తీరి రెక్కలు చాపిన రాతి హంసలు, ఆ హంసల ముక్కుల నుంచి కందకంలోకి దూకే నీటి ధారలు, ధారల మీద ఎండ పడి పుట్టే చిన్న చిన్న ఇంద్రధనుస్సులు, వాటన్నిటికీ పైన బంగారు కలశాలతో మెరిసే రాజసౌధం! హంసకూట నగరాన్ని తొలిసారి చూసినవాళ్ళు నోరు తెరుచుకుని నిలబడిపోతారు. కేయూరుడు తొలిసారి చూడడం లేదు. పుట్టిందీ పెరిగిందీ అక్కడే. అయినా ఆ మధ్యాహ్నం కొండమలుపు తిరగగానే అతనూ నోరు తెరుచుకుని నిలబడ్డాడు, కళ్ళ వెంట నీళ్ళు కారుతుంటే తుడుచుకోవడం కూడా మరిచిపోయాడు.

"ఐరావతం! అదిగో మా ఊరు!" అన్నాడు పక్కనున్న గాడిద మెడ నిమురుతూ.

పేరు గొప్పదే గాని ఆ ఐరావతం మేకకంటే కాస్త పొడుగు, అంతే. యజమాని మాట వినడం తన వంశంలోనే లేదన్నట్టు అది దారి పక్కన గడ్డి మేయసాగింది.

కేయూరుడు రాజపుత్రుడు కాడు, మంత్రి కొడుకూ కాడు. గంభీరసేన మహారాజు అశ్వదళంలో ఒక మామూలు రౌతు. రాజ్యంలో చుక్క వాన లేక నేల బీటలు వారినప్పుడు, ధూమ్రజటుడనే మాంత్రికుడి దీవి నుంచి మేఘశంఖం తెస్తానని, పెళ్ళయి ఏడాదైనా తిరగకముందే బయలుదేరాడు. శంఖాన్ని కాజేశాడు. తాను తప్పించుకునే దారి లేక, దాన్ని ఒక రాజహంస మెడకు కట్టి ఇంటికి పంపాడు. హంస చేరింది, శంఖం ఊదారు, వానలు దంచికొట్టాయి. శంఖం పంపినవాడు మాత్రం దారి తప్పి దేశాల మీద పడ్డాడు.

ఆ తిరుగుడు అతనికి మిగిల్చింది ఒళ్ళంతా మచ్చలూ, కొన్ని వింత అలవాట్లూ. ఊగే దీవిలో కట్టుకోకుండా కునుకు తీసినవాడు సముద్రంలో తేలతాడు. అందుకని అతను నడుముకు ఎప్పుడూ ఒక తాడు కట్టుకుంటాడు, ఎక్కడ కూర్చున్నా రెండో కొసను దగ్గరున్న స్తంభానికి ముడి వేస్తాడు. కూర్మదేశంలో పీటలనుకున్నవి నిద్రపోయే తాబేళ్ళు. కనుక ఏ ఆసనం కనబడినా ముందు దాన్ని తట్టి లేపుతాడు. మౌనపురంలో నవ్వితే కొరడా దెబ్బలు. కాబట్టి నవ్వొస్తే చటుక్కున చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంటాడు.

ఇన్ని దేశాలు తిరిగినా అతని మనసులో ఉన్న కోరిక ఒక్కటే. హంసకూటంలో ఒక ఆచారం ఉంది. ఏళ్ళ తరబడి పరదేశంలో తిరిగి వచ్చినవాడు ఆ ఊరికి కొత్తవాడి కిందే లెక్క. ఇల్లాలు గడప దగ్గర అతని కాళ్ళు నీళ్ళతో కడగాలి, అతను ఆమె మెడలో మళ్ళీ మంగళసూత్రం కట్టాలి. అప్పుడే అతను ఇంటివాడు. ఆ చెంబెడు నీళ్ళ కోసమే కేయూరుడు సముద్రాలు దాటి వచ్చాడు.

నగరద్వారం నిండా మామిడి తోరణాలు, అరటి బోదెలు. లోపల భేరీలు మోగుతున్నాయి.

"ఏమిటీ సంబరం?" అని అడిగాడు కేయూరుడు ద్వారపాలకుణ్ణి.

"ఎక్కడి నుంచి ఊడిపడ్డావయ్యా? మేఘశంఖం పంపిన కేయూరుడు తిరిగొచ్చాడు. ఇవాళే ఆయన ఇల్లాలు తరళమ్మతో మళ్ళీ పెళ్ళి. మహారాజుగారు ఆ శంఖాన్నే ఆయనకు కానుకగా ఇస్తున్నారు!"

కేయూరుడు ద్వారపాలకుడి చెయ్యి పట్టుకున్నాడు. "కేయూరుణ్ణి నేనైతే?"

"నువ్వు కేయూరుడివైతే నేను పట్టపురాణిని!" అని ద్వారపాలకుడు పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఆయన్ని చూశావా అసలు? వచ్చి నెల దాటింది. వెళ్ళిన రోజున ఎలా ఉన్నాడో అచ్చం అలాగే ఉన్నాడు. వెంట్రుకవాసి మారలేదు. నువ్వేమో... సరే, లోపలికి పో. అన్నసంతర్పణ ఉంది, కడుపునిండా తిను."

కేయూరుడు ఆ చివరి మాట వినలేదు. అప్పటికే పరుగు అందుకున్నాడు.

పరుగెత్తాడు గాని ఎటు పరుగెత్తాలో తెలిస్తేగా! తాను వదిలి వెళ్ళిన ఊరు కరువులో మాడిన ఊరు. ఇప్పుడున్నది వానలకు బలిసిన ఊరు. ఖాళీ స్థలాల్లో మేడలు లేచాయి, సందులు వీధులయ్యాయి, వీధులు అంగళ్ళతో కిక్కిరిశాయి. కుడివైపు తిరిగితే తన ఇల్లని తిరిగాడు, ఏనుగుల సాల ఎదురైంది. ఒక ఏనుగు తొండంతో అతని తలపాగా తీసుకుని నమిలింది. ఎడమకు తిరిగాడు, కుండలు పేర్చిన బండి కింద నుంచి దూరాడు, వెనకే వచ్చిన ఐరావతం మాత్రం బండి మీద నుంచే వచ్చింది. కుమ్మరి కర్ర తీసుకుని వెంటబడ్డాడు. తప్పించుకోబోయి కేయూరుడు ఒక ప్రహరీ దూకాడు. అవతల ఉన్నది అద్దకంవాళ్ళ నీలిమందు తొట్టి.

బుడుంగుమని మునిగి లేచేసరికి నిలువెల్లా నీలంగా ఉన్నాడు. "నా సొంత ఊళ్ళోనే దారి తప్పానా!" అనుకున్నాడు. ఊగే దీవిలో అమావాస్య చీకట్లో కూడా అతను దారి తప్పలేదు. సిగ్గు ముంచుకొచ్చింది, ఏడుపూ వచ్చింది. అంతలో ప్రహరీ అవతల నుంచి సన్నాయి వినబడింది. ఆ మోత పట్టుకుని వెళ్ళి, నీళ్ళోడుతూ పెళ్ళిపందిట్లో తేలాడు.

పందిరి తన ఇంటి ముందే వేశారు. మల్లెదండల తెరల మధ్య ముత్యాల గొడుగు కింద గంభీరసేన మహారాజు, ఆయన పక్కన పట్టుదిండు మీద పాలనురుగులా తెల్లగా మేఘశంఖం, మంటపంలో పురోహితుడు సోమభట్టు. సోమభట్టు పక్కన పీటల మీద... కేయూరుడు!

నున్నటి చెంపలు, నల్లటి మీసం, వెడల్పు ఛాతీ. అద్దంలో చూసుకుంటే ఒకప్పుడు తనకు కనిపించిన మనిషే. అసలు కేయూరుడికి అతన్ని చూసి కాస్త అసూయ కూడా కలిగింది.

"వాడు నేను కాదు!" అని అరిచాడు. "నేనే నేను!"

పందిరంతా గొల్లుమంది. సోమభట్టు మాత్రం నవ్వలేదు. ఆయన ధర్మం ధర్మమే అనే మనిషి, పైగా ముహూర్తానికి ఇంకా కొంచెం వ్యవధి ఉంది.

"ప్రభూ, నేనే కేయూరుణ్ణని ఇద్దరు అంటున్నప్పుడు విచారించకుండా సూత్రం కట్టిస్తే పాపం నాకు చుట్టుకుంటుంది. నాయనా నీలవర్ణా, వచ్చి కూర్చో," అన్నాడు.

కేయూరుడు పీటను తట్టాడు, అది లేచి నడవకపోయేసరికి కూర్చున్నాడు, తాడు కొస పందిరి రాటకు ముడి వేశాడు. జనం ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. పిచ్చివాడనే మాట పందిరి ఈ చివర నుంచి ఆ చివరకు గుసగుసగా పాకింది.

"మీ పెరటి బావి ఏ దిక్కున ఉంది?" అడిగాడు సోమభట్టు.

"తూర్పున... కాదు, దక్షిణాన!" అన్నాడు కేయూరుడు.

"ఈశాన్యంలో," అన్నాడు పట్టుబట్టల కేయూరుడు చిరునవ్వుతో. "చేద వేసినప్పుడల్లా గిలక కీచుమంటుంది."

"మీ పెళ్ళినాడు వడ్డించిన తీపి?"

"బొబ్బట్లు!"

"పూర్ణాలు. వాటిలో యాలకులు ఎక్కువయ్యాయని మా మేనమామ అలిగాడు." అవునవునని ముసలివాళ్ళు తలలూపారు.

"నీ గుర్రం పేరు?"

కేయూరుడు ఎంత తన్నుకులాడినా ఆ పేరు జ్ఞాపకం రాలేదు. నోటికి వచ్చింది ఒక్కటే. "ఐరావతం," అన్నాడు నీరసంగా. పందిరి బయట నుంచి గాడిద ఓండ్ర పెట్టింది. మహారాజు కూడా మీసాల్లో నవ్వుకున్నారు. అందరూ నవ్వుతుంటే తనకూ నవ్వొచ్చి, కేయూరుడు చటుక్కున నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. నేరం బయటపడినవాడిలా ఉన్నాడని అందరూ తీర్మానించుకున్నారు.

"ప్రభూ, పాపం మతి చెడినవాడు," అన్నాడు పట్టుబట్టలవాడు జాలిగా. "హింసించకండి. కందకంలో మొసళ్ళున్నాయి కదా, చిటికెలో పని అయిపోతుంది."

భటులు వచ్చి కేయూరుడి రెక్కలు పట్టుకున్నారు.

"ఆగండి!"

మాట ఇంటి లోపల నుంచి వచ్చింది. భటులు ఆగారు, సన్నాయివాడు ఊదుతున్న ఊపిరి ఆపాడు, బయట ఐరావతం నమలడం కూడా ఆపింది. పెళ్ళిచీర కొంగు నడుముకు దోపుకుని తరళ గడప దాటి వచ్చింది. కేయూరుడు లేని ఏళ్ళలో ఆమె ఊరికే కూర్చోలేదు. రాజుగారి అడవి గుర్రాలకు శిక్షణ ఇచ్చి నిలబడింది. ఆమె ముందు సేనాపతి కూడా కాస్త ఒద్దికగా మాట్లాడతాడు.

"భట్టుగారూ, మీరు బావిని గురించి అడిగారు, పూర్ణాలను గురించి అడిగారు. నన్ను గురించి నేను అడగకూడదా?" అని ఇద్దరి ముందూ నిలబడింది. "నేనెలా ఉన్నాను? చెప్పండి."

పట్టుబట్టలవాడు లేచి రెండు చేతులూ చాపాడు. "తరళా! వెళ్ళిననాడు గడప దగ్గర ఎలా నిలబడి చూశావో అలాగే ఉన్నావు. అదే నవ్వు, అదే పూవులాంటి చెయ్యి, గుసగుస దాటని అదే మాట. ఏమీ మారలేదు!"

ఆడవాళ్ళు నిట్టూర్చారు. మగవాళ్ళు, ఇలా మాట్లాడడం తమకెందుకు రాదా అని తల గోక్కున్నారు.

తరళ రెండోవాడి వైపు తిరిగింది. కేయూరుడు ఆమెను పైనుంచి కిందికి, కిందినుంచి పైకి చూశాడు. అబద్ధం చెబితే బతుకుతానేమో అనిపించింది. కాని ఆ మొహం చూస్తూ అబద్ధం రాలేదు.

"మారిపోయావు," అన్నాడు. "దారి పొడుగునా నేను తలుచుకున్న మొహం ఇది కాదు. నుదుటి మీద డెక్క తగిలిన మచ్చ ఉంది. పాపిట దగ్గర ఒక తెల్లవెంట్రుక ఉంది. నీ చేతులు నా చేతుల కంటే మొరటుగా ఉన్నాయి. అప్పుడు నువ్వు తలుపు చాటున నిలబడేదానివి, ఇప్పుడు ఎవరినో తన్నేలా నిలబడ్డావు. నాకు కొంచెం భయంగా కూడా ఉంది."

"ఛీ ఛీ!" అన్నారు ఆడవాళ్ళు.

"నేను లేకుండా ఇన్నాళ్ళూ ఎలా నెట్టుకొచ్చావో నాకు తెలియదు తరళా," అన్నాడు. "మొసళ్ళ దగ్గరికి వెళ్ళేలోపు ఎవరైనా చెబితే విని పోతాను."

తరళ పెదవిని పళ్ళ కింద నొక్కిపట్టి, లోపలికి తిరిగి కేక వేసింది. "తాంబాళంలో నీళ్ళు పోసి తీసుకురండి!"

పట్టుబట్టలవాడి మొహం మొదటిసారి పాలిపోయింది. "నీళ్ళెందుకు? చందనంతో కడగాలని మొక్కుకున్నానని చెప్పానుగా!"

"చెప్పారు. వచ్చిన రోజు నుంచీ చెబుతూనే ఉన్నారు. బావి దగ్గరికి రమ్మంటే జలుబన్నారు, ఏటికి రమ్మంటే మొసలన్నారు. ఇన్ని సముద్రాలు దాటిన మనిషికి చెంబెడు నీళ్ళంటే భయమేమిటా అని నేనూ నెల రోజులుగా ఆలోచిస్తున్నాను. భట్టుగారూ, ఆచారంలో ఉన్నది నీళ్ళా, చందనమా?"

"నీళ్ళేనమ్మా," అన్నాడు సోమభట్టు. "చందనమని శాస్త్రంలో ఎక్కడా లేదు."

ఇత్తడి తాంబాళం వచ్చింది. పట్టుబట్టలవాడు వెనక్కి జరిగాడు. తరళ వంగి, గుర్రానికి లాడం కొట్టించేటప్పుడు పట్టినట్టు, అతని చీలమండ ఒడిసిపట్టి కాలు లేపింది. ఎంత పొగరుబోతు గుర్రమైనా ఆ పట్టుకు లొంగుతుంది. కాలు తాంబాళంలో పడింది.

నీళ్ళు కుదురుకున్నాయి. అందులో మామిడి తోరణం కనబడింది. పందిరి సందులోంచి ఆకాశం కనబడింది. తొంగిచూస్తున్న సోమభట్టు పిలక కనబడింది. తాంబాళంలో కాలు పెట్టి నిలబడ్డ పెళ్ళికొడుకు మాత్రం ఎక్కడా లేడు!

"అద్దాల మడుగు!" అని కేయూరుడు ఎగిరి లేచాడు. "నీ దీవిలో అడుగుపెట్టగానే ఆ మడుగులో మొహం కడుక్కున్నాను. నా నీడ అక్కడే చిక్కుకుంది. నువ్వు తొడుక్కున్నది దాన్నే! అందుకే ఆ రోజు దాకా నాకు గుర్తున్నదంతా నీకు గుర్తుంది. నీడకు మళ్ళీ నీడ ఎక్కడిదిరా, ధూమ్రజటా!"

పెళ్ళికొడుకు మొహం కరిగి జారిపోయింది. లోపలి నుంచి పొగలు చిమ్మే జడలు, నిప్పుకణికల్లాంటి కళ్ళు, మోకాళ్ళ దాకా వేలాడే గడ్డం బయటపడ్డాయి. జనం పీటలూ చెప్పులూ వదిలేసి పారిపోయారు.

"నా ఇల్లు దోచుకుపోయావు, నీ ఇల్లు నేను దోచుకోకూడదా?" అని మాంత్రికుడు గర్జించి, తాంబాళాన్ని ఒక్క తన్ను తన్నాడు. నీళ్ళన్నీ నేలపాలయ్యాయి. మరుక్షణం పందిరి చీల్చుకుంటూ ఏనుగంత రాబందు లేచింది. దాని గోళ్ళలో మేఘశంఖం!

"శంఖం! శంఖం పోతే మళ్ళీ కరువే!" అని మహారాజు గొడుగు కింద నుంచి కేక పెట్టారు.

భటులు బాణాలు వెతుక్కుంటున్నారు. పెళ్ళికి వచ్చాం కదా అని ఒక్కడూ తెచ్చుకోలేదు. కేయూరుడి చేతులు మాత్రం ఎవరి ఆజ్ఞ కోసమూ ఆగలేదు. ఊగే దీవిలో రోజూ పొద్దున్నే చేసినట్టు రాటకున్న ముడి చిటికెలో విప్పాయి, కొసను ఉచ్చు చేశాయి, గిరగిర తిప్పి విసిరాయి. ఉచ్చు రాబందు కాలికి పడి బిగుసుకుంది. తాడు రెండో కొస తన నడుముకే ఉందన్న సంగతి, కాళ్ళు నేలను వదిలాక గాని అతనికి జ్ఞాపకం రాలేదు.

"అయ్యో! ఇంటికొచ్చి ఇంకా గడపైనా దాటలేదే!" అని గాల్లో గింజుకుంటూ అరిచాడు.

అంతలో కింద డెక్కల చప్పుడైంది. తరళ ఐరావతం మీద దూసుకొస్తోంది. పుట్టాక ఎవరి మాటా వినని ఆ గాడిద, ఆమె మడమ తగలగానే మేలుజాతి గుర్రంలా పరుగెత్తి, కూలిన పందిరి మీదెక్కి ఒక్క దూకు దూకింది. తరళ దాని వీపు మీద నుంచి ఎగిరి, రెండు చేతులా కేయూరుడి పాదాలు పట్టుకుంది.

"వదిలెయ్! పడిపోతావు!" అన్నాడు కేయూరుడు హడలిపోయి.

"ఒకసారి వదిలిపెట్టి చూశాను, చాల్లెండి," అంది తరళ.

కోట బురుజులు కిందికి పోయాయి. రాతి హంసలు బాతుపిల్లలంత అయ్యాయి. రాబందు వేగం పెంచేసరికి గాలి రివ్వున శంఖంలో దూరింది. శంఖం తనంతట తానే బూరలా మోగింది. ఆ నాదం విన్న మబ్బులు నలుదిక్కుల నుంచీ మందల్లా పరుగెత్తుకొచ్చి వాళ్ళను చుట్టుముట్టాయి. వాన పడింది. చినుకులు కాదు, కుండలతో కుమ్మరించినట్టు పడింది. కేయూరుడి తల మీద నుంచి, ఛాతీ మీద నుంచి నీలిమందు ధారలుగా జారి తరళ చేతుల మీదికి దిగింది.

"కదలకండి," అంది తరళ. ఒక చేత్తో అతని చీలమండ గట్టిగా పట్టుకుని, రెండో చేత్తో పాదం తోమడం మొదలుపెట్టింది. "మడమలు చూడండి, ఎలా పగిలాయో! ఈ వేలికి గోరేదీ?"

"మౌనపురంలో పోయింది. పెద్ద కథ. ఏం చేస్తున్నావు తరళా?"

"కనబడడం లేదా? ఒక కాలయింది, రెండోది ఇటివ్వండి." ఆమె గొంతు వానలో తడిసిందో, ఏడుపులో తడిసిందో తెలియలేదు. "నీళ్ళున్నాయి, కాళ్ళున్నాయి, నేనున్నాను. గడప ఒక్కటే లేదు. దానికేం, తర్వాత దాటుదురుగాని. మీరు ఇంటికి వచ్చేశారు."

కింద వాళ్ళ ఇల్లు తమలపాకంత అయి, వక్కంత అయి, వానలో కనబడకుండా పోయింది. ఇన్నేళ్ళుగా దేని కోసం నడిచాడో అది దొరికిన చోటు ఇదా అనుకునేసరికి కేయూరుడికి ఆగని నవ్వొచ్చింది. పగలబడి నవ్వాడు. చెయ్యి నోటికి అడ్డం పెట్టుకోవాలన్న సంగతి అతనికి గుర్తే రాలేదు.

ఆ నవ్వు విని రాబందు మెడ వెనక్కి తిప్పింది. నిప్పుకణికల్లాంటి కళ్ళు ముందు నవ్వుతున్నవాణ్ణి చూశాయి, తర్వాత అతని కాళ్ళు తోముతున్న ఆమెను చూశాయి, ఆ తర్వాత బిగుసుకున్న తాడు మీద నిలిచాయి. అది ముక్కు తెరిచి తాడును కొరికింది. తాడులో మొదటి పేట పుటుక్కున తెగింది.